గర్ల్స్ స్కూలా, కో-ఎడ్డా: ఎనిమిదో తరగతికి వచ్చే అమ్మాయికి ఏది నయం?

ఏడో తరగతి పరీక్షలు అవుతుండగానే చాలా ఇళ్లలో ఈ చర్చ మొదలవుతుంది. ఊళ్లోని జిల్లా పరిషత్ హైస్కూల్లోనే ఉంచాలా, టౌన్‌లోని గర్ల్స్ హైస్కూల్‌కి పంపాలా, కస్తూర్బాలో (అమ్మాయిల కోసం ఉన్న సర్కారు హాస్టల్ బడి) సీటు అడగాలా, అప్పు చేసైనా కాన్వెంట్‌లో వేయాలా అని. నేను చాలా ఏళ్లు హైస్కూల్ పిల్లలకు లెక్కలు చెప్పాను. అందరూ కలిసి చదివే బడిలోనూ, అమ్మాయిల బడిలోనూ చేశాను. అందుకే తల్లిదండ్రులు ఈ ప్రశ్న పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. దాదాపు అందరూ చెప్పే కారణం ఒకటే: "గర్ల్స్ స్కూల్ అయితే డిస్టర్బెన్స్ ఉండదు కదా మేడం, మార్కులు బాగా వస్తాయి."

మార్కుల కోసమే అయితే గర్ల్స్ స్కూల్ వెతుక్కోనక్కర్లేదు. మన రెండు రాష్ట్రాల్లో పదో తరగతి ఫలితాలు చూడండి, ఉత్తీర్ణతలో అమ్మాయిలదే పైచేయి. పదో తరగతి మార్కులతో సీట్లిచ్చే బాసర, నూజివీడు ట్రిపుల్ ఐటీల్లో కూడా ఈ మధ్య ఎంపికయ్యేవాళ్లలో అమ్మాయిలే ఎక్కువ. వాళ్లలో చాలామంది అబ్బాయిలున్న సర్కారు బడుల నుంచి వచ్చినవాళ్లే. పక్క వరుసలో అబ్బాయిలున్నంత మాత్రాన వాళ్ల మార్కులేం తగ్గలేదు.

గర్ల్స్ స్కూల్‌తో వచ్చే అసలు లాభం వేరు. పెద్దమనిషి అయ్యాక చదువు ఆగిపోకుండా ఉండటం, క్లాసులో నోరు తెరవడం, గ్రౌండ్‌లో పరుగెత్తడం, ల్యాబ్‌లో తన చేత్తో తాను పరికరం పట్టుకోవడం. ఇవి ఏ బడిలో దొరుకుతాయో వెతకాలి. అమ్మాయిల బడిలో ఇవి దొరికే అవకాశం ఎక్కువ, కానీ గ్యారంటీ లేదు.

బోర్డు మీద పేరు చూసి పోల్చకండి

మన దగ్గర కో-ఎడ్ అంటే ఏమిటో ముందు ఒప్పుకుందాం. ఎడమవైపు బెంచీల్లో అమ్మాయిలు, కుడివైపు బెంచీల్లో అబ్బాయిలు. మధ్యలో సార్ నడిచే దారి. ఆ దారి దాటి ఒక మాట మాట్లాడితే సాయంత్రానికి స్టాఫ్ రూమ్‌లో చర్చ, మర్నాటికి ఇంట్లో చర్చ. ఇక చాలా ప్రైవేట్ స్కూళ్లలో ఏడో ఎనిమిదో తరగతి రాగానే సెక్షన్లే విడదీస్తారు. కార్పొరేట్ కాలేజీలైతే గర్ల్స్ క్యాంపస్, బాయ్స్ క్యాంపస్ వేరువేరు బిల్డింగులు, కొన్నిచోట్ల వేరువేరు వీధులు.

"కో-ఎడ్‌లో చదివితే అబ్బాయిలతో మామూలుగా మాట్లాడటం అలవాటవుతుంది" అనే వాదన మంచిదే. కానీ మాట్లాడితే తిట్టే బడిలో ఆ అలవాటు ఎక్కణ్నుంచి వస్తుంది? అలాంటి చోట కో-ఎడ్ వల్ల రావాల్సిన లాభం రాదు, గర్ల్స్ స్కూల్ వల్ల వచ్చేదీ రాదు. ఒకే గదిలో రెండు బడులు నడుస్తుంటాయి, అంతే. అదే, అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి ప్రాజెక్టులు చేసే, ఒకే టీమ్‌లో క్విజ్ ఆడే, గొడవొస్తే టీచర్ కూర్చోబెట్టి మాట్లాడే బడి మీ దగ్గర్లో ఉంటే, అది మామూలు గర్ల్స్ స్కూల్ కంటే మేలు. అలాంటివి తక్కువే ఉన్నాయి కానీ, లేకపోలేదు.

గర్ల్స్ స్కూల్‌లోనూ రకాలున్నాయి. 1874లో ధవళేశ్వరంలో కందుకూరి వీరేశలింగం ఆడపిల్లలకు బడి పెట్టింది అసలు వాళ్లకు చదువే లేని రోజుల్లో. 1907లో హైదరాబాద్‌లో మహబూబియా బాలికల పాఠశాల వచ్చేనాటికి, పరదా పాటించే ఇళ్ల అమ్మాయిలు గడప దాటాలంటే అలాంటి బడి ఒక్కటే దారి. ఇంట్లోవాళ్ల భయం తగ్గించి పిల్లను చదువు దగ్గరికి తీసుకురావడం, దానికోసమే పుట్టాయి ఈ బడులు. భయం తగ్గించే పని ఇప్పటికీ చేస్తున్నాయి. కాకపోతే కొన్ని బడులు పిల్లను చదువు దగ్గరికి తెస్తాయి, కొన్ని భయాన్నే ఇంకొంచెం గట్టిగా నేర్పి పంపుతాయి.

పరిశోధనల్లో తేలిందేమిటి

ఫలానా కాన్వెంట్‌లో అందరికీ డిస్టింక్షన్లే అంటే, అది అబ్బాయిలు లేకపోవడం వల్లనా, ఫీజు కట్టగలిగిన ఇళ్ల పిల్లల్ని ఏరి తీసుకోవడం వల్లనా? ఈ చిక్కుముడి విప్పడమే పరిశోధకులకు పెద్ద పని. అడ్మిషన్ టెస్ట్ పెట్టి, ఇంగ్లిష్ వచ్చిన తల్లిదండ్రుల పిల్లల్ని తీసుకునే బడి ఏ రకమైనా ఫలితాలు బాగానే చూపిస్తుంది.

అందుకే దక్షిణ కొరియా రాజధాని సోల్ ఉదాహరణ విలువైనది. 1974 నుంచి అక్కడ పిల్లల్ని హైస్కూళ్లకు లాటరీ పద్ధతిలో పంపేవారు. ఎవరికి కో-ఎడ్ పడుతుందో, ఎవరికి వేరు బడి (అమ్మాయిలకో, అబ్బాయిలకో మాత్రమే ఉన్నది) పడుతుందో ఇంట్లోవాళ్ల చేతిలో ఉండేది కాదు. ఆ వివరాలతో 2013లో వచ్చిన అధ్యయనంలో వేరు బడుల్లో చదివిన అమ్మాయిలకూ, అబ్బాయిలకూ కాలేజీ ప్రవేశ పరీక్షలో మార్కులు కొంత మెరుగ్గా వచ్చినట్టు తేలింది. స్విట్జర్లాండ్‌లో ఒక హైస్కూల్లో అమ్మాయిల్ని ఏ ఎంపికా లేకుండా కొందర్ని అమ్మాయిల సెక్షన్లో, కొందర్ని కలిసిన సెక్షన్లో వేస్తే, అమ్మాయిల సెక్షన్ వాళ్లకు లెక్కల్లో మార్కులు పెరిగాయి. భాషలో తేడా లేదు. ఇది నాకు ఆశ్చర్యం కలిగించలేదు. తెలుగు పద్యం అప్పజెప్పమంటే ముందుకొచ్చే అమ్మాయి, బోర్డు మీద లెక్క చెయ్యమంటే చున్నీ అంచు పట్టుకుని నిలబడిపోవడం నేను చాలాసార్లు చూశాను. తప్పు చేస్తే వెనక నుంచి వచ్చే నవ్వు గురించే ఆ భయం.

రెండో వైపు చూస్తే, 2014లో 21 దేశాల నుంచి 184 అధ్యయనాలు, 16 లక్షల మంది పిల్లల వివరాలు కలిపి చూసిన పెద్ద పరిశీలన ఒకటి వచ్చింది. కుటుంబ నేపథ్యం, ముందరి మార్కులు లాంటివి సరిగ్గా లెక్కలోకి తీసుకున్న అధ్యయనాల్లో తేడా దాదాపు లేదని దాని సారాంశం. కరీబియన్ దీవుల్లోని ట్రినిడాడ్‌లో కథ ఇంకా తమాషాగా ఉంది. అక్కడ పేరున్న వేరు బడుల్లో సీటొచ్చిన పిల్లల్లో చాలామందికి ప్రత్యేకంగా ఒరిగిందేమీ లేదని, అలాంటి బడే కావాలని గట్టిగా కోరుకున్న అమ్మాయిలకు మాత్రం మేలు జరిగిందని ఒక అధ్యయనం చెప్పింది. అదే దేశంలో 2010లో వెనకబడిన 20 కో-ఎడ్ బడుల్ని ప్రభుత్వం వేరు బడులుగా మారిస్తే, ఆ తర్వాత వచ్చిన బ్యాచ్‌ల మార్కులు పెరిగాయి. టీనేజీలోనే తల్లులయ్యే అమ్మాయిల సంఖ్య కూడా తగ్గింది.

ఇవన్నీ పక్కపక్కన పెడితే నాకర్థమయ్యేది ఇది. బాగా నడిచే బడిలో వేరుగా ఉంచినా కలిపి ఉంచినా పెద్ద తేడా రాదు. నడవని బడిలో, అమ్మాయి తనంతట తాను కోరుకున్నప్పుడు, వేరు బడి ఎక్కువ పని చేస్తుంది.

మన నేల మీద జరిగిన పని కూడా ఒకటుంది. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోని ప్రైమరీ స్కూళ్ల పిల్లల్ని కొన్నేళ్లపాటు పరీక్షించి కార్తీక్ మురళీధరన్, కేతకీ శేఠ్ చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. లేడీ టీచర్ చెప్పిన సంవత్సరంలో అమ్మాయిలు ఎక్కువ నేర్చుకున్నారు, అబ్బాయిలకు ఏ నష్టమూ జరగలేదు. బడుల్లో టాయిలెట్లు కట్టినప్పుడు ఏమైందో చూసిన అంజలి అడుకియా అధ్యయనం 2017లో వచ్చింది. చిన్నపిల్లలకు ఏ టాయిలెట్ ఉన్నా సరిపోయింది, పెద్దమనిషి అయ్యే వయసు అమ్మాయిలు బడికి రావాలంటే మాత్రం వాళ్లకంటూ వేరే టాయిలెట్ ఉండాల్సి వచ్చింది. అబ్బాయిలు లేకపోవడం వల్ల వచ్చిందని మనం అనుకునే లాభంలో చాలా భాగం లేడీ టీచర్ల వల్ల, నీళ్లున్న టాయిలెట్ వల్ల వచ్చిందే అయి ఉండొచ్చు. ఈ రెండూ కో-ఎడ్‌లోనూ ఏర్పాటు చేయొచ్చు. చేశారా లేదా అన్నదే మీరు వెళ్లి చూడాల్సింది.

అమ్మాయిల బడిలో రోజూ కనిపించే తేడా

కలిసిన బడిలో జెండా పండగ రోజు కుర్చీలు మోసేది, మైకు సెట్ చేసేది అబ్బాయిలు. ముగ్గు వేసేది, హారతి పళ్లెం పట్టుకునేది అమ్మాయిలు. ఎవరూ చెప్పక్కర్లేదు, అలా జరిగిపోతుంది. అమ్మాయిల బడిలో కుర్చీలు మోయాల్సిందీ, మైకు వైరు చుట్టాల్సిందీ, జెండా కట్టాల్సిందీ వాళ్లే. స్కూల్ లీడర్ అమ్మాయే, డిప్యూటీ లీడరూ అమ్మాయే. మూడేళ్లు ఇలా గడిచాక ఆ పిల్ల నడకే మారుతుంది.

ల్యాబ్ సంగతీ అంతే. ఒక మైక్రోస్కోపు, చుట్టూ పదిమంది పిల్లలుంటే కో-ఎడ్‌లో స్క్రూ తిప్పేది అబ్బాయి, రికార్డులో బొమ్మ అందంగా వేసేది అమ్మాయి. మంచి మార్కులు రెండో వాళ్లకే వస్తాయి కూడా, అందుకే ఎవరికీ అనుమానం రాదు. కంప్యూటర్ ల్యాబ్‌లో మౌస్ ఎవరి చేతిలో ఉంటుందో గమనించండి, ఇదే కనిపిస్తుంది.

గ్రౌండ్‌లో తేడా అన్నిటికంటే ఎక్కువ. పన్నెండు, పదమూడేళ్లకు మన అమ్మాయిలు ఆటలు మానేస్తారు. ఒంట్లో మార్పులు, చూసే కళ్లు, "పెద్దదానివయ్యావు, ఇంకా గెంతులేంటి" అనే నానమ్మలు. అబ్బాయిలు క్రికెట్‌తో గ్రౌండ్ మొత్తం ఆక్రమిస్తే అమ్మాయిలు గోడ పక్కన నిలబడి కబుర్లు చెప్పుకుంటారు. అమ్మాయిల బడిలో గ్రౌండ్ వాళ్లదే. పీఈటీ మేడం గట్టిదైతే ఖోఖో, కబడ్డీ జట్లు జిల్లా స్థాయికి వెళ్తాయి. ఇంతకంటే పెద్ద ఉదాహరణ కావాలంటే మాలావత్ పూర్ణ ఉంది. నిజామాబాద్ జిల్లా పాకాల తండా నుంచి వచ్చి, తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ప్రతి గురుకులం పూర్ణను తయారు చేస్తుందని కాదు. ఒక తండా పిల్లకు కొండలెక్కడం నేర్పి, ఇంట్లోవాళ్లను ఒప్పించి పంపగల వ్యవస్థ అది. ఇంటి దగ్గర ఉండి డే స్కూల్‌కి వెళ్తే అది జరిగేదా?

నెలసరి గురించి కూడా చెప్పాలి. అమ్మాయిల బడిలో బట్టకు మరక అంటితే పక్క పిల్ల చున్నీ ఇస్తుంది, విషయం అక్కడితో అయిపోతుంది. కో-ఎడ్‌లో అదే పిల్ల మూడు రోజులు బడి మానేస్తుంది. ఏడాదికి ఎన్ని రోజులవుతాయో లెక్కేసుకోండి.

ఎవరూ చెప్పని ఇబ్బందులు

గర్ల్స్ జూనియర్ కాలేజీల్లో గ్రూపుల లిస్టు ఒకసారి చూడండి. బైపీసీ ఉంటుంది, సీఈసీ ఉంటుంది, ఒకేషనల్‌లో ఎంపీహెచ్‌డబ్ల్యూ (ఆరోగ్య కార్యకర్తల కోర్సు) ఉంటుంది. కొన్నిచోట్ల ఎంపీసీ ఉండదు, ఉన్నా ఫిజిక్స్ లెక్చరర్ ఉండరు. ఇంజినీరింగ్ ఆశ ఉన్న పిల్లను అలాంటి చోట వేస్తే దారి అక్కడే మూసుకుపోతుంది. హైస్కూల్లోనూ మ్యాథ్స్, ఫిజికల్ సైన్స్ పోస్టులు నిండి ఉన్నాయా లేదా అన్నది గర్ల్స్ అనే బోర్డు కంటే వందరెట్లు ముఖ్యం.

రెండోది కట్టడి. అమ్మాయిల బడి అనగానే కొన్ని యాజమాన్యాలకు జైలు గుర్తుకొస్తుంది. జడ ఇలాగే వేయాలి, గేటు దగ్గర ఆగకూడదు, కిటికీలోంచి చూడకూడదు, ఔటింగ్ లేదు, ఫోన్ నెలకోసారి. ఇలాంటి చోట పిల్ల "సేఫ్"గా ఉందని ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉంటారు. ఆ పిల్ల డిగ్రీలో కో-ఎడ్‌కి వెళ్లినప్పుడు అబ్బాయిని నోట్స్ అడగాలంటే చెమటలు పడతాయి. వేరుగా చదవడం వల్ల వచ్చిన బెరుకు కాదది, మాటను తప్పుగా చూపించడం వల్ల వచ్చింది.

అమ్మాయిల మధ్య గొడవలు ఉండవనుకోవద్దు. గ్రూపులు కట్టడం, ఒకరితో మాట్లాడటం మానేయడం, రంగు మీద, లావు మీద, కులం మీద మాటలు. అబ్బాయిల గొడవ గ్రౌండ్‌లో కనబడుతుంది, ఇది కనబడదు. పిల్ల తిండి తగ్గించి, సోమవారం పొద్దున కడుపునొప్పి అంటుంటే మార్కుల గురించి కాకుండా స్నేహితురాళ్ల గురించి అడగండి.

చాలామంది మనసులో అసలు కారణం ప్రేమ వ్యవహారాల భయం. సూటిగా చెబుతాను. ఫోన్ ఉన్న కాలంలో గర్ల్స్ స్కూల్ దానికి అడ్డుకట్ట కాదు. వేధింపులు ఎక్కువగా జరిగేది బస్ స్టాపులో, దారిలో, ఆటోలో. బడి ఏ రకమైనా ఆ దారి ఒకటే. పైగా గర్ల్స్ స్కూల్ గేటు దగ్గరే ఆకతాయిలు కాపు కాస్తారు. ఏదైనా జరిగితే పిల్ల ఇంట్లో భయం లేకుండా చెప్పగలదా అన్నదే రక్షణ. చెబితే చదువు మాన్పించేస్తారని తెలిసిన పిల్ల చెప్పదు.

మన దగ్గర ఉన్న దారులు

ఊళ్లోని జిల్లా పరిషత్ హైస్కూల్‌ను తీసిపారేయకండి. ఇంటికి దగ్గర, ఫీజు లేదు, చాలాచోట్ల టీచర్లు మంచి అర్హతలున్నవాళ్లు. లేడీ టీచర్లు ముగ్గురు నలుగురుండి, టాయిలెట్‌లో నీళ్లొస్తూ, పిల్ల సంతోషంగా వెళ్తుంటే మార్చాల్సిన అవసరమే లేదు.

టౌన్లలోని ప్రభుత్వ బాలికోన్నత పాఠశాలలు నా దృష్టిలో అందరూ మరచిపోయిన మంచి దారి. వీటిలో చాలావాటికి పాత బిల్డింగు, పెద్ద చెట్లు, లేడీ టీచర్లు, దశాబ్దాల పేరు ఉన్నాయి. దూరమే అడ్డంకిగా ఉండేది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకంతో, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకంతో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో అమ్మాయిలకు టికెట్ లేదు. పది, పదిహేను కిలోమీటర్ల దూరంలోని గర్ల్స్ హైస్కూల్ ఇప్పుడు ఖర్చు లేకుండా అందుతుంది. కాకపోతే బస్సు వేళలు బడి వేళలకు కుదరాలి. సాయంత్రం స్పెషల్ క్లాసుల తర్వాత బస్సు ఉందో లేదో కనుక్కోండి.

కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు 2004లో మొదలైన కేంద్ర పథకం. మొదట ఎనిమిది వరకే ఉండేవి, తర్వాత పన్నెండు వరకూ పెంచుతూ వచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 352 ఉన్నాయి, తెలంగాణలో అంతకంటే ఎక్కువే. ఎంట్రన్స్ పరీక్ష లేదు. తల్లిదండ్రులు లేనివాళ్లకు, ఒక్కరే ఉన్నవాళ్లకు, బడి మానేసినవాళ్లకు, పేద కుటుంబాల వాళ్లకు ముందు ఇస్తారు. ఎక్కువ సీట్లు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ అమ్మాయిలకే. బోధన, వసతి అంతా మహిళల చేతుల్లోనే నడుస్తుంది, స్పెషల్ ఆఫీసర్ కూడా మహిళే. ప్రధానంగా ఆరులో చేరాలి, పై తరగతుల్లో ఖాళీలుంటేనే తీసుకుంటారు. చాలావరకు కాంట్రాక్ట్ టీచర్లు, కొన్నిచోట్ల ఇరుకు గదులు అనే ఇబ్బందులున్నా, అమ్మ పనికోసం వలస వెళ్లే ఇంటి పిల్లకు దీన్ని మించిన దారి లేదు.

సంక్షేమ గురుకులాలకు ఐదో తరగతిలో ఎంట్రన్స్ ఉంటుంది. ఎనిమిదికి వచ్చాక గుర్తొస్తే మిగిలిన ఖాళీల మీదే ఆశ. చిన్న చెల్లెలు నాలుగో తరగతిలో ఉంటే ఇప్పుడే ఆ నోటిఫికేషన్ మీద కన్నేసి ఉంచండి. నవోదయ మాత్రం కో-ఎడ్, మూడో వంతు సీట్లు అమ్మాయిలకు. తొమ్మిదిలో ఖాళీలకు మళ్లీ పరీక్ష పెడతారు. నవోదయలో సీటొస్తే గర్ల్స్, కో-ఎడ్ చర్చ పక్కన పెట్టేసి పంపించమనే చెబుతాను. సైనిక్ స్కూళ్లు కూడా 2021-22 నుంచి అమ్మాయిలను తీసుకుంటున్నాయి, కోరుకొండ, కలికిరి మన దగ్గరివే.

కాన్వెంట్లు: ఇంగ్లిష్, క్రమశిక్షణ, నాటకాలు, డిబేట్లు బాగుంటాయి. ఫీజు పదో తరగతి దాకా కట్టగలరా అన్నది ఇంట్లో కూర్చుని ముందే లెక్కేసుకోండి. తొమ్మిదిలో కట్టలేక మాన్పించడం కంటే మొదట్నుంచీ సర్కారు బడే నయం. తమ్ముడికి ఇంటర్‌లో ఫీజు కట్టాలని అక్కను కాన్వెంట్ మాన్పించిన ఇళ్లు నాకు తెలుసు.

కార్పొరేట్ గర్ల్స్ క్యాంపస్‌ను మాత్రం ఈ లెక్కలోకి తీసుకురావద్దు. పైన చెప్పిన లాభాలేవీ అక్కడ ఉండవు. గ్రౌండ్ ఉండదు, ల్యాబ్‌కు వెళ్లేది ప్రాక్టికల్స్ ముందు, లీడర్లు ఉండరు, ర్యాంకులే ఉంటాయి. అబ్బాయిల క్యాంపస్‌కీ దీనికీ తేడా వార్డెన్ మాత్రమే.

వెళ్లి చూసేటప్పుడు

ముందు ఫోన్‌లో యూడైస్ ప్లస్ (బడుల వివరాలుండే ప్రభుత్వ సైట్) తెరిచి ఆ బడి పేరు వెతకండి. తరగతివారీగా పిల్లలెంతమంది, టీచర్లలో మహిళలెందరు, టాయిలెట్లెన్ని అన్న వివరాలు ఉంటాయి. ఎనిమిదిలో ఉన్న అమ్మాయిల సంఖ్య, పదిలో ఉన్న సంఖ్య పోల్చండి. బాగా తగ్గిపోయి ఉంటే కారణం హెడ్మాస్టర్‌ని అడగండి. ఆయన తడబడకుండా చెబితే మంచిదే.

తర్వాత, రెండో పీరియడ్ నడుస్తుండగా బడికి వెళ్లండి. సెలవు రోజో, అడ్మిషన్ మేళా రోజో కాదు. టాయిలెట్ మీ అమ్మాయినే వెళ్లి చూడమనండి. గొళ్లెం ఉందా, బకెట్, నీళ్లు, చెత్తబుట్ట ఉన్నాయా అని ఆ పిల్లే చెబుతుంది. మ్యాథ్స్ టీచర్ ఎవరని అడగండి. ల్యాబ్ తాళం తీయమనండి. పరికరాల మీద దుమ్ము ఉంటే మాటలతో పని లేదు. ఆటల పీరియడ్‌లో అమ్మాయిలు ఏం చేస్తున్నారో గోడ దగ్గర నిలబడి పది నిమిషాలు చూడండి.

హాస్టల్ అయితే ఇంకొన్ని ఉన్నాయి. రాత్రి ఎవరుంటారు, వాచ్‌మన్ లోపలికి ఎంతవరకు వస్తారు, జ్వరమొస్తే చూడటానికి ఏఎన్ఎం (నర్సు) ఉన్నారా, ఫిర్యాదుల పెట్టె తాళం ఎవరి దగ్గర ఉంటుంది, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడ మీద రాసి ఉందా. పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు దాచకూడదు, చెప్పి తీరాలి. ఆ మాట ప్రిన్సిపాల్ నోటి నుంచి వస్తుందేమో చూడండి. "మా దగ్గర అలాంటివి జరగవండీ" అనే జవాబు నాకు నచ్చదు.

ఎవరిని ఎక్కడికి

పదో తరగతి అయ్యాక పెళ్లి మాటలు మొదలయ్యే ఇల్లయితే ఆలోచించకుండా కస్తూర్బాకో, గురుకులానికో, ఇంటర్ దాకా ఉన్న గర్ల్స్ స్కూల్‌కో పంపండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో ఆంధ్రలో 20 నుంచి 24 ఏళ్ల అమ్మాయిల్లో 29.3 శాతం మందికి, తెలంగాణలో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లి అయిపోయింది. ఇలాంటి చోట అబ్బాయిలతో అలవాటు, ఎక్స్‌పోజర్ లాంటి చర్చలన్నీ తర్వాత. చదువు ఇంకో రెండేళ్లు సాగితే అదే లాభం. మామయ్యలకూ బాబాయిలకూ "అక్కడంతా ఆడవాళ్లే" అని చెప్పి నోరు మూయించొచ్చు, ఆ మాట ఉపయోగపడితే నిస్సంకోచంగా వాడండి.

సిగ్గుపడే పిల్ల, లెక్కల్లో భయపడే పిల్ల, ఒళ్లు త్వరగా ఎదిగి ఇబ్బంది పడుతున్న పిల్ల అయితే ఎనిమిది నుంచి పది దాకా గర్ల్స్ స్కూల్ బాగా పనికొస్తుంది, మ్యాథ్స్ టీచర్ ఉన్నారన్న షరతు మీద. ఇంటర్‌కి మాత్రం ఎంపీసీ బాగా చెప్పే చోటు ఏదైతే అదే, గర్ల్స్ అయినా కాకపోయినా.

ఇప్పటికే నోరున్న పిల్ల, అబ్బాయిలతో పోటీ పడి ఆడే పిల్ల, ఉన్న బడిలో స్నేహితులతో హాయిగా ఉన్న పిల్ల అయితే మార్చకండి. కేవలం "వయసొచ్చింది" అని మారిస్తే శిక్షలా అనిపిస్తుంది, తానేం తప్పు చేసిందో తెలీక లోపల కుమిలిపోతుంది. అన్నకో తమ్ముడికో లేని కట్టడి తనకెందుకని అడిగితే మీ దగ్గర జవాబుండదు కూడా.

ఒక్క కూతురు, అన్నదమ్ములు లేరు, కజిన్స్ కూడా అమ్మాయిలే అన్న ఇళ్లలో గర్ల్స్ స్కూల్‌లో వేస్తే ఇంటా బయటా అబ్బాయిలతో మాట్లాడే సందర్భమే ఉండదు. అలాంటివాళ్లకు సెలవుల్లో కోచింగ్ క్యాంపో, లైబ్రరీయో, ఎన్‌సీసీ ఉన్న బడో చూడండి.

మార్చాలనుకుంటే ఎనిమిదిలోనో, ఆలస్యమైతే తొమ్మిదిలోనో జూన్‌లో బడి తెరిచే నాటికే మార్చేయండి. పదిలోకి వచ్చాక మార్చడం వద్దు. నామినల్ రోల్స్ (పబ్లిక్ పరీక్ష రాసేవాళ్ల జాబితా), కొత్త టీచర్ల టెన్షన్ అన్నీ ఒకేసారి మీద పడతాయి. టీసీ తీసుకునేటప్పుడు ఆధార్‌లోనూ టీసీలోనూ పుట్టిన తేదీ, ఇంటి పేరు ఒకేలా ఉన్నాయో లేదో అక్కడే సరిచూసుకోండి. తర్వాత సరిదిద్దించాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి. కొత్త బడి యూనిఫారం కొనేముందు మొదటి నెల పిల్ల ఎలా ఉందో చూడండి. సర్దుకోలేక ఏడుస్తుంటే పాత హెడ్మాస్టర్‌తో మళ్లీ మాట్లాడటానికి మొహమాటపడొద్దు, ఏడాది మొదట్లో అయితే వెనక్కి తీసుకోవడానికి చాలామంది అభ్యంతరం చెప్పరు.